చట్టం సరే, ఖర్చెవరిది? – ఫ్రాన్స్‌లో అబార్షన్ ఖర్చు కథ



పుదుచ్చేరిలో, కారైకాల్‌లో, మన యానాంలో ఇప్పటికీ ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలున్నాయని మీకు తెలుసు. 1962 ఆగస్టు 16న విలీన ఒప్పందం అమల్లోకి వచ్చాక, ఇచ్చిన ఆరు నెలల గడువులో ఫ్రెంచి జాతీయతనే కోరుకున్నవారి పిల్లలు, మనవలు వీరిలో చాలామంది. ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికల్లో వీళ్లు ఇక్కణ్నుంచే ఓటేస్తారు. 2012 నుంచి విదేశాల్లోని ఫ్రెంచివారి తరఫున పార్లమెంటు సభ్యుణ్ని కూడా ఎన్నుకుంటున్నారు. ఆ ఎన్నికల్లో అభ్యర్థులు దశాబ్దాలుగా జవాబు చెప్పుకుంటూ వచ్చిన ప్రశ్న ఒకటుంది. అబార్షన్ చేయించుకునే స్త్రీకి అయ్యే ఖర్చు ప్రభుత్వం భరించాలా, వద్దా? మన సమావేశాల్లో ఎవరూ ఎత్తని విషయం కాబట్టి ఆ చరిత్ర కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మన ఊరి సంగతి ఒకటి. బ్రిటిష్ ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చింది. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయకూడదంది. ఆ చట్టం ఫ్రెంచి యానాంలో చెల్లదు. దాంతో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిల్లల్ని తీసుకుని యానాం వచ్చి పెళ్లిళ్లు చేసుకుపోయేవారు. యానాంకు కల్యాణపురం అన్న పేరు అలా వచ్చిందే. చట్టం ఒక సరిహద్దు దగ్గర ఆగిపోతే, దాన్ని దాటే స్తోమత ఉన్నవాళ్లకు ఆ చట్టం లేనట్టే. ఈ మాట మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్రాన్స్ కథలో కూడా ఇదే జరిగింది, కాకపోతే అక్కడ విషయం వేరు.

ఫ్రాన్స్‌లో 1920 నాటి చట్టం అబార్షన్‌ను ప్రోత్సహించడాన్నీ, గర్భనిరోధక సాధనాల ప్రచారాన్నీ నేరం చేసింది. జర్మన్ ఆక్రమణ కాలంలో విషీ ప్రభుత్వం 1942లో ఇంకా ముందుకెళ్లి, అబార్షన్ చేయడాన్ని రాజ్యానికి వ్యతిరేకమైన నేరంగా మార్చింది. 1943 జూలై 30న మరీ లూయీజ్ జిరో అనే స్త్రీకి ఆ నేరం కిందే గిలటిన్ మీద తల తీశారు. ఆమె షేర్బూర్ పట్నంలో బట్టలుతికి బతికిన పేద మనిషి.

యుద్ధం తర్వాత మరణశిక్ష పోయింది గానీ నిషేధం పోలేదు. డబ్బున్న ఇంటి ఆడవాళ్లు ఇంగ్లండుకో హాలండుకో వెళ్లి పని ముగించుకుని వచ్చేవారు. లేనివాళ్లు దొంగచాటుగా చేసేవాళ్ల చేతుల్లో పడేవారు. 1971 ఏప్రిల్ 5న 343 మంది స్త్రీలు తామూ అబార్షన్ చేయించుకున్నామని ఒక వారపత్రికలో బాహాటంగా సంతకాలు పెట్టారు. ఆ ప్రకటన రాసింది సిమోన్ ద బోవా.

మరుసటి ఏడాది బోబిన్యీ కేసు దేశాన్ని కుదిపేసింది. పదహారేళ్ల పిల్ల. తోటి విద్యార్థి బలాత్కారం చేస్తే గర్భం వచ్చింది. తల్లి పారిస్ మెట్రోలో ఉద్యోగి, భర్త తోడు లేకుండా ముగ్గురు ఆడపిల్లల్ని పెంచుతోంది. జీతం నెలకు సుమారు 1,500 ఫ్రాంకులు. డాక్టరు అడిగింది 4,500, అంటే మూడు నెలల జీతం. అంత తేలేక తక్కువలో చేసే మనిషిని పట్టుకున్నారు. పిల్లకు రక్తస్రావమై ప్రాణం మీదికొచ్చింది. చివరికి పోలీసులకు ఈ సంగతి చెప్పింది ఆ అత్యాచారం చేసినవాడే. వాదించిన లాయరు జిజెల్ అలిమి. పిల్లను కోర్టు నిర్దోషిగా వదిలేసింది. తల్లికి 500 ఫ్రాంకుల జరిమానా వేసి, దాన్ని అమలు కాకుండా నిలిపింది. ఈ కేసులో చట్టం ఎంత ముఖ్యమో ఆ 4,500 ఫ్రాంకుల అంకె కూడా అంతే ముఖ్యం. ఆ డబ్బే ఉంటే ఆ కుటుంబం కోర్టు గడప ఎక్కేది కాదు.

1974 మేలో జిస్కార్ దెస్తాన్ చాలా స్వల్ప ఆధిక్యంతో మిత్తెరాన్‌ను ఓడించి అధ్యక్షుడయ్యాడు. చట్టం మార్చే పని ఆరోగ్య మంత్రి సిమోన్ వేయ్‌కు అప్పగించాడు. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ మనిషి ఆమె. నవంబర్ 26న సభలో లేచి మాట్లాడినప్పుడు ఎదురుగా 481 మంది మగవాళ్లు, తొమ్మిది మంది ఆడవాళ్లు. రోజుల తరబడి దూషణలు విన్నాక బిల్లు 284–189 తేడాతో నెగ్గింది. సొంత అధికార పక్షంలో ఎక్కువమంది వ్యతిరేకంగా ఓటేశారు. నిలబెట్టింది ప్రతిపక్షంలోని సోషలిస్టులు, కమ్యూనిస్టులు. 1975 జనవరి 17న చట్టమైంది. పది వారాల లోపు గర్భానికి అనుమతి ఇచ్చింది, అదీ ముందుగా ఐదేళ్ల ప్రయోగంగానే. ఇష్టం లేని డాక్టరు చేయక్కర్లేదన్న నిబంధన కూడా అందులో ఉంది.

అసలు మాట ఇక్కడుంది. ఆ చట్టం అబార్షన్‌ను అనుమతించింది గానీ సామాజిక బీమా కిందకు తీసుకురాలేదు. వేయ్ తన ప్రసంగంలోనే దానికి కారణం చెప్పింది. పళ్ల వైద్యానికి, కళ్లద్దాలకే బీమా పూర్తిగా రావడం లేదు కదా అంది. నిరుపేదలకు మాత్రం వైద్య సహాయ పథకం కింద ఆదుకోవచ్చంది. ఆమె రాజకీయ లెక్క మనం అర్థం చేసుకోవచ్చు. ఖర్చు కూడా బిల్లులో చేర్చితే ఆ 284 ఓట్లు దొరికేవి కావేమో. కానీ మధ్యలో ఒక వర్గం మిగిలిపోయింది. సహాయ పథకానికి అర్హత వచ్చేంత పేదవాళ్లు కారు, చేతిలో నగదు ఉన్నవాళ్లూ కారు. బోబిన్యీ తల్లి లాంటివాళ్లు.

గర్భనిరోధక మాత్రల విషయంలోనూ ఇలాగే నడిచింది. 1967లో అనుమతించారు. బీమా కిందకు వచ్చింది 1974 డిసెంబరులో, ఏడేళ్లకు. అనుమతి ముందు, డబ్బు తర్వాత. ఆ మధ్య కాలం ఎంతన్నది ఎన్నికలు తేల్చాయి.

1981లో మిత్తెరాన్ గెలిచాడు. మహిళా హక్కుల మంత్రిగా ఇవెత్ రూడి వచ్చింది. అబార్షన్ ఖర్చు తిరిగి చెల్లిస్తామని ప్రభుత్వం మాటిచ్చి 1982లో తటపటాయించింది. మా మనస్సాక్షి ఒప్పుకోని పనికి మా చందాల డబ్బు ఎలా వాడతారని వ్యతిరేకుల వాదన. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. నిజమైన విశ్వాసంతో అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. చివరికి 1982 డిసెంబర్ 31 చట్టంతో మధ్యేమార్గం దొరికింది. బీమా సంస్థ స్త్రీకి 70 శాతం చెల్లిస్తుంది. ఆ మొత్తాన్ని ప్రభుత్వం తన బడ్జెట్ నుంచి బీమా సంస్థకు ఇస్తుంది. అంటే ఉద్యోగుల చందాల నిధి ముట్టుకోకుండా లెక్క వేరే పద్దులో రాశారన్నమాట. చట్టం వచ్చిన దాదాపు ఎనిమిదేళ్లకు డబ్బు వచ్చింది.

మిగిలిన 30 శాతానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. 2012 ఎన్నికల్లో ఒలాంద్ నూరు శాతం చెల్లిస్తామన్నాడు. అదే ఎన్నికల్లో మరీన్ లెపెన్ దానికి పూర్తిగా ఎదురు దిక్కున నిలబడి, ఖర్చు తగ్గించాలంటే ఈ చెల్లింపు తీసేయవచ్చన్న ధోరణిలో మాట్లాడింది. ఒలాంద్ గెలిచాడు, 2013 మార్చి 31 నుంచి నూరు శాతం అమలైంది. 2016లో దానికి ముందూ వెనకా చేసే పరీక్షలు కూడా అందులో చేరాయి. 2024 మార్చి 4న వెర్సాయిలో ఉభయ సభలూ కలిసి కూర్చుని 780–72 ఓట్లతో ఈ స్వేచ్ఛను రాజ్యాంగంలో రాశాయి. ఆ రోజు లెపెన్ కూడా అనుకూలంగానే ఓటేసింది. పన్నెండేళ్లలో అభ్యర్థి వైఖరి ఎంత మారిందో చూడండి.

అయితే ఆ రాజ్యాంగ వాక్యంలో డబ్బు ప్రస్తావన లేదు. స్వేచ్ఛకు హామీ ఉంది. ఖర్చు ఎవరిదన్నది మామూలు చట్టాల్లోనే ఉంది. కాబట్టి ఆ ప్రశ్న ప్రతి ఎన్నికలోనూ మళ్లీ రావచ్చు.

అమెరికాలో పిల్లలున్న సభ్యులకు అక్కడి సంగతీ తెలియాలి. 1973లో అక్కడి సుప్రీంకోర్టు అబార్షన్‌ను హక్కు అంది. మూడేళ్లకే, 1976లో, పేదల వైద్య పథకమైన మెడికెయిడ్‌లో కేంద్ర నిధులు దానికి వాడకూడదని హైడ్ సవరణ తెచ్చారు. 1980లో అదే కోర్టు 5–4 తీర్పుతో ఆ సవరణ చెల్లుతుందంది. ఆ సవరణ ఏటా బడ్జెట్‌తో పాటు మళ్లీ మళ్లీ ఆమోదం పొందుతూ వచ్చింది. దశాబ్దాల పాటు దాన్ని సమర్థించిన జో బైడెన్ 2019 జూన్‌లో, అభ్యర్థిగా పోటీలో ఉండగా, వైఖరి మార్చుకున్నాడు. 2022లో ఆ హక్కునే కోర్టు కొట్టేసింది. హక్కు పోవడానికి 46 ఏళ్ల ముందే పేద స్త్రీకి డబ్బు పోయిందని గుర్తుంచుకోవాలి.

మరి మనం? మన దేశంలో చట్టం ఫ్రాన్స్ కంటే ముందే వచ్చింది. శాంతిలాల్ షా కమిటీ 1966లో నివేదిక ఇచ్చింది, 1971లో చట్టమైంది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 2021 సవరణతో కొన్ని వర్గాల స్త్రీలకు గడువు 24 వారాలకు పెరిగింది. 2022లో సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీకి కూడా అదే వర్తిస్తుందంది. ప్రభుత్వాసుపత్రిలో ఈ సేవ దొరకాలన్నది చట్టం ఉద్దేశం. దొరుకుతోందా అన్నది ఊరిని బట్టి, డాక్టరును బట్టి, బస్సు చార్జీని బట్టి ఉంటుంది. మన రాజధాని 800 కిలోమీటర్ల అవతల ఉన్న యానాంలో దూరం అంటే ఏమిటో వేరే చెప్పాలా? షోలాపూర్‌లో, భీవండిలో మగ్గాల మీద బతికే మనవాళ్లకైనా, గంజాం పల్లెల్లోని మనవాళ్లకైనా ఒక్కరోజు కూలి పోవడం కూడా ఖర్చే.

ఫ్రాన్స్‌లో అభ్యర్థిని నిలదీసి అడిగారు, అందుకే జవాబులు వచ్చాయి, మారాయి కూడా. మన ఎన్నికల సభల్లో రోడ్డు అడుగుతాం, నీళ్లు అడుగుతాం, తెలుగు బడి అడుగుతాం. అవన్నీ అడగాల్సినవే. వాటితో పాటు మన ఊరి ప్రభుత్వాసుపత్రిలో స్త్రీల డాక్టరు వారానికి ఎన్ని రోజులుంటారు, ఈ సేవ అక్కడ ఉచితంగా అందుతుందా అని కూడా అడుగుదాం. అబార్షన్ తప్పని నమ్మేవారు మనలోనూ ఉన్నారు, వారి నమ్మకం వారిది. కానీ జవాబు ఏదైనా అభ్యర్థి నోట వినడం ఓటరు హక్కు. సంఘంలోని అక్కలు, అమ్మలు, పిన్నులు ఈ విషయం మీద రాస్తే చదవాలని ఉంది. ఇక్కడ నలుగురిలో రాయలేకపోతే మన మహిళా సభ్యుల కూటమిలోనైనా మాట్లాడుకోండి.

సెలవు.