దూడతోలు మీద మిగిలిన కథలు

థోర్ అనగానే మన హాస్టల్ పిల్లలకు సినిమా హీరో గుర్తొస్తాడు. నిజానికి అతను ఐస్‌లాండ్, నార్వే ప్రాంతాల జనం కొలిచిన ఉరుముల దేవుడు. అతని కథలు మనదాకా రావడానికి ముఖ్య కారకుడు స్నోరి స్టుర్లుసన్ అనే ఐస్‌లాండ్ కవి.

క్రీ.శ. 1000 ప్రాంతంలో ఐస్‌లాండ్ జనం క్రైస్తవంలోకి మారారు. పాత దేవుళ్లకు మొక్కడం తగ్గిపోయింది, పాటలు మిగిలాయి. ఆ పాటలతో ఒక చిక్కుంది. కవి బంగారాన్ని బంగారం అనకుండా 'సిఫ్ జుట్టు' అంటాడు. సిఫ్ థోర్ భార్య. లోకి అనే జిత్తులమారి ఊరికే ఉండలేక ఆమె జుట్టంతా కత్తిరించేశాడు. ఎముకలు విరగ్గొడతానని థోర్ పట్టుకునేసరికి, మరుగుజ్జు కమ్మరుల దగ్గరికి పోయి బంగారు జుట్టు చేయించి తెచ్చాడు. తలకు పెట్టగానే అది అతుక్కుని, సొంత జుట్టులాగే పెరిగింది. ఈ కథ తెలియని కుర్రవాడికి పాట వినపడుతుంది గానీ అర్థం కాదు.

స్నోరి 1220 ప్రాంతంలో 'ఎడ్డా' రాసింది ఇందుకే. కవిత్వం నేర్చుకునే కుర్రవాళ్ల కోసమని అందులోనే చెప్పాడు. చదువుకున్నవాళ్లు లాటిన్‌లో రాసే కాలమది. అతను ఇంటి భాషలోనే రాశాడు. తాను క్రైస్తవుడే అయినా పాత కథలను వెక్కిరించలేదు. ముందుమాటలో మాత్రం ఆ దేవుళ్లు ట్రాయ్ వైపు నుంచి వచ్చిన మనుషులేనని ఉంటుంది. నాకది నచ్చదు. కానీ ఆ ముసుగు లేకపోతే పుస్తకం బతికేదా అనీ అనిపిస్తుంది.

మన ఆదిలాబాద్ ప్రధాన్లు కిక్రీ వాయిస్తూ పాడే గోండు కథలను హైమెండార్ఫ్ 1948లో పుస్తకంలోకి ఎక్కించాడు. మంచి పనే. కాకపోతే ఇంగ్లీషులో, బయటివాళ్ల కోసం.

ఇంగ్లీషు పిల్లలకు ఈ ఉత్తరదేశపు కథలను 1857లో కీరీ అక్కచెల్లెళ్లు, 1920లో పాడ్రిక్ కాలమ్ తిరిగి చెప్పారు. చివరి యుద్ధంలో ఓడిన్‌ను తోడేలు మింగుతుంది. థోర్ మహాసర్పాన్ని చంపి, దాని విషానికి తొమ్మిది అడుగులు నడిచి పడిపోతాడు. పిల్లలు భయపడతారని టీచర్లు దీన్ని దాటేయకూడదు. దేవుళ్లు కూడా చావడమే ఈ కథల బలం.

స్నోరి వాడుకున్న పాత పాటల్లో కొన్ని 1270 ప్రాంతపు ఒక దూడతోలు పుస్తకంలో దొరుకుతాయి. 1662లో అది డెన్మార్క్ రాజుకు కానుకగా పోయింది. 1971 ఏప్రిల్ 21న ఓడలో తిరిగొస్తే, రేక్యావిక్ రేవుకు వేలమంది వెళ్లి ఎదురు చూశారు. అందులో 45 ఆకులున్నాయి. మధ్యలో 8 ఆకులు ఏనాడో పోయాయి. సిగుర్డ్ వీరుడి కథలో కొంత భాగం వాటిలోనే ఉండేది. అవి ఇంకా దొరకలేదు.