విపత్తు సాయంలో బాధితుల మాట (జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి)

విపత్తు సాయంలో బాధితుల మాట అంటే, కష్టంలో ఉన్నవాళ్లకు ఏం ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి అన్నది వాళ్లనే అడిగి తేల్చే పద్ధతి. 1994 నాటి రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళిలో ఈ మాట ఉంది. 2016లో దాతలు, సహాయ సంస్థలు ‘గ్రాండ్ బార్గెయిన్’ పేరిట దీన్ని ఒప్పందంగా రాసుకున్నాయి. అదే ఏడాది అక్టోబరు 11న ప్రధానంగా పాత వరంగల్ నుంచి ఏర్పడిన ఈ మూడు జిల్లాల్లో ఈ పద్ధతి చరిత్రంతా ఒక్క కాగితం చుట్టూ తిరుగుతుంది: లబ్ధిదారుల జాబితా.

1997-98లో పత్తి దెబ్బతిని వరంగల్ రైతుల ఆత్మహత్యలు దేశమంతటికీ తెలిశాయి. 2004 జూన్ 1 నాటి 421వ జీవో బాధిత కుటుంబానికి లక్షన్నర రూపాయలు ప్రకటించింది. అర్హత తేల్చేది రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారుల కమిటీ. ఊరివాళ్లకు ఆ కమిటీలో చోటు లేదు. అప్పు నోట్లు, పట్టాదారు పాసుపుస్తకం, పోస్టుమార్టం నివేదిక సంచిలో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది చనిపోయిన రైతు భార్యే. కౌలు రైతు ఇంట్లో అసలు పాసుపుస్తకమే ఉండదు. 2015లో తెలంగాణ ఆ సాయాన్ని 6 లక్షలకు పెంచింది. 2018లో వచ్చిన రైతు బీమా కమిటీ బెడద తప్పించింది కానీ, పట్టా లేనివాళ్లకు అదీ అందలేదు.

బాధితుల నోట లెక్క చెప్పించిన పద్ధతి కరువు పనుల వైపు నుంచి వచ్చింది. 2006లో ఉపాధి హామీ తొలి విడత జిల్లాల్లో వరంగల్ ఒకటి. పనుల సామాజిక తనిఖీని చట్టం గ్రామసభకు అప్పగించింది. 2009లో ఉమ్మడి రాష్ట్రం దానికోసం ప్రత్యేక సొసైటీ పెట్టింది. కూలీల ఇళ్ల పిల్లలే తనిఖీదారులై గడపగడపకూ వెళ్లి, మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఉన్నది చదివి, ‘ఇన్ని రోజులు పోయినవా, పైసలు ముట్టినయా?’ అని అడుగుతారు. తేడాలను మండల ప్రజావేదికలో అధికారుల ముందే చదువుతారు. తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది తక్కువే. అయినా ఎదురుగా నిలబడి అడగడం ఊళ్లకు అలవాటైంది.

వరదల్లో ఆ అలవాటు పనికి రాలేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా ప్రాధికార సంస్థకు కలెక్టర్ అధ్యక్షుడు, ఎన్నికైన స్థానిక ప్రతినిధి సహాధ్యక్షుడు. 2023 జులై 27న మోరంచవాగు ముంచెత్తి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి జనం డాబాలెక్కితే, సహాయ బృందాలు వచ్చి దించాయి. 2024 సెప్టెంబరు 1న ఆకేరువాగు మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం సీతారాం తండాను ముంచింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అప్పటికి సర్పంచుల గడువు ముగిసి ఏడు నెలలు, జిల్లా పరిషత్తుల గడువు ముగిసి రెండు నెలలు. ఊళ్లలో ప్రత్యేకాధికారుల పాలన. ఇంటికి 16,500, పంటకు ఎకరాకు 10,000 రూపాయల సాయానికి అధికారులే ఇళ్లూ పొలాలూ లెక్కగట్టారు.

విపత్తు సాయం కోసం కాకపోయినా, 2025 జనవరి 21 నుంచి 24 వరకు జరిగిన గ్రామసభల్లో ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డుల జాబితాలను చదివి వినిపించారు. రాష్ట్రమంతటా చాలాచోట్ల, పేరు లేనివాళ్లు లేచి అధికారులను నిలదీశారు. సర్పంచులు మళ్లీ వచ్చింది ఆ ఏడాది డిసెంబరు ఎన్నికల్లో.