లాడం నుంచి వట్టి గిట్టకు: కృష్ణా డెల్టాలో ఒక వృత్తి చరిత్ర

ప్రవేశిక

గుర్రాలకు లాడాలు కొట్టి జీవించిన వృత్తికారుడే ఆ లాడాలను ఊడదీసి, వట్టి గిట్టను చెక్కి తీర్చడాన్ని తన పనిగా మార్చుకోవడం ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకాల్లో అమెరికాలో ప్రసిద్ధికెక్కిన పరిణామం. ఈ మార్పుకు జేమీ జాక్సన్ పేరు ముడిపడి ఉంది. వృత్తిరీత్యా లాడాలు కొట్టే ఈయన 1982–86 మధ్య అమెరికా పశ్చిమాన గ్రేట్ బేసిన్ ప్రాంతపు అడవి గుర్రాల గిట్టలను పరిశీలించాడు. ఇనుము ఎరుగని ఆ గిట్టలు రాళ్ల నేలపై మైళ్ల కొద్దీ నడిచి తమంతట తామే అరిగి, పొట్టిగా, గట్టిగా రూపుదిద్దుకోవడం గమనించి, 1992లో 'ది నేచురల్ హార్స్' అనే పుస్తకం వెలువరించాడు.

ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. అడుగు పడినప్పుడు గిట్ట కొద్దిగా విచ్చుకుంటుందనీ, మేకులతో బిగించిన ఇనుము ఆ కదలికను అడ్డుకుంటుందనీ ఇంగ్లండులో పశువైద్యుడు బ్రేసీ క్లార్క్ పంతొమ్మిదో శతాబ్ది తొలి దశకాల్లోనే వాదించాడు. అంతకు రెండు వేల సంవత్సరాలకు పూర్వం గ్రీకు రచయిత జెనోఫోన్, తడి నేల, నున్నని నేల మంచి గిట్టలను సైతం చెడగొడతాయని హెచ్చరించి, గుర్రం నిలబడే చోట గుండ్రాళ్లు పరిపించమన్నాడు. మేకులతో బిగించే లాడం వ్యాప్తిలోకి రాని కాలం అది. గిట్టను గట్టిపరచవలసింది నేలే.

జెనోఫోన్ నుంచి జాక్సన్ దాకా అందరూ మనసులో ఉంచుకున్నది పొడి నేల, రాతి నేల. కృష్ణా డెల్టా అందుకు పూర్తిగా భిన్నమైన భూమి. ఇక్కడ కూడా పశువు గిట్ట చాలాకాలం ఇనుము లేకుండానే ఉంది, మధ్యలో ఇనుము తొడిగింది, మళ్లీ వదిలేసింది. కాని ఆ కారణాలు వేరు, ఫలితమూ వేరు. అక్కడ ఇనుము పోయినా వృత్తి నిలిచింది. ఇక్కడ ఇనుముతోపాటే వృత్తీ పోయింది. ఈ తేడా ఎందుకు వచ్చిందన్నదే ఈ వ్యాసంలో చర్చనీయాంశం.

గిట్టకు మాటలున్నాయి, లాడానికి లేవు

భాష ఇచ్చే సాక్ష్యంతో మొదలుపెట్టడం సముచితం. తెలుగులో పశువు పాదాగ్రానికి గిట్ట, గొరిజ, డెక్క అని మూడు మాటలు వాడుకలో ఉన్నాయి. సంస్కృతం నుంచి వచ్చిన ఖురం దీనికి అదనం. ఆ అడుగున కొట్టే ఇనుప రేకుకు మాత్రం వ్యవహారంలో ఉన్నవి లాడం, నాడా అనే రెండే. మరాఠీ నాల్, కన్నడ లాళ, తమిళ లాడం, తెలుగు లాడం ఒకే పదం న-లల తారుమారుతో పొందిన రూపాలుగా కనిపిస్తాయి. మూలం పాదరక్ష అనే అర్థం గల అరబ్బీ 'నఅల్'. అది పారసీకం మీదుగా హిందుస్తానీలోకి 'నాల్'గా వచ్చింది. లాడాలు కొట్టేవాడికి ఉన్న నాల్‌బందు అనే పేరు కూడా పారసీక సమాసమే. బొందు తాడును కూడా నాడా అనే అంటారు కాబట్టి ఈ మాట దగ్గర కొంత జాగ్రత్త అవసరం. ఆ రెంటికీ సంబంధం లేదు.

గుర్రపు సామగ్రి పేర్లలో ఇదే వరుస కనిపిస్తుంది. కళ్లెం, పల్లం పాత మాటలు. వాటి పక్కన జీను, లగాము, రికాబు పారసీకం నుంచి వచ్చి చేరాయి. పాత వస్తువుకు కొత్త పేరు వచ్చిన చోట పాత పేరు కూడా బతికింది. లాడానికి అలాంటి జంట పేరు లేదు. అంటే వస్తువూ పేరూ కలిసే వచ్చాయనుకోవడం సహేతుకం. వృత్తి నామాల్లో దీనికి విలోమంగా ఒక మాట ప్రయాణించింది. అశ్వశాస్త్ర కర్తగా ప్రసిద్ధుడైన శాలిహోత్రుని పేరు హిందుస్తానీలో 'సలోత్రి'గా మారి, గుర్రపు వైద్యుడికి సామాన్య నామమైంది. కంపెనీ కాలపు అశ్వికదళాల్లో సలోత్రి, నాల్‌బందు ఇద్దరూ ఉండేవారు. గిట్టను ఎరిగినవాడి పేరు సంస్కృతం నుంచి, గిట్టకు ఇనుము కొట్టేవాడి పేరు పారసీకం నుంచి!

తెలుగు సాహిత్య విద్యార్థికి అశ్వరక్షకుడు అనగానే విరాటుని కొలువులో దామగ్రంథిగా ఉన్న నకులుడు స్ఫురిస్తాడు. అశ్వశాస్త్ర గ్రంథాలు నకులుని పేరిటా, శాలిహోత్రుని పేరిటా ఉన్నాయి. తెలుగులో మనుమంచి భట్టు అశ్వలక్షణ గ్రంథం ఉంది. ఈ సంప్రదాయంలో గిట్ట లక్షణాలను బట్టి గుర్రాన్ని ఎంచడం ముఖ్యమైన అంశం. గిట్ట మంచిదైతే గుర్రం మంచిదన్న దృష్టి అది. చెడ్డ గిట్టకు ఇనుముతో దన్ను ఇవ్వవచ్చునన్నది తర్వాత వచ్చిన దృష్టి.

నేటి డెల్టాలో 'గుర్రపుడెక్క' అంటే కాలువలను కమ్మేసే దక్షిణ అమెరికా కలుపుమొక్క. గుర్రాలు అరుదైపోయిన ఈ ప్రాంతంలో వాటి డెక్క పేరు ఎక్కువగా వినిపించేది నీటిపారుదల శాఖ పూడికతీత పనుల్లోనే.

మోటుపల్లి రేవు

తీరాంధ్రకు గుర్రం సముద్రం మీద వచ్చిన జంతువు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం, తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకునంతా పూర్వరాజులు బలవంతంగా తీసుకునేవారని చెప్పి, ఆ పద్ధతిని రద్దు చేస్తుంది.

పదమూడో శతాబ్ది చివర మార్కో పోలో పాండ్య దేశాన్ని గురించి రాస్తూ, అక్కడివారికి గుర్రాన్ని సాకడం తెలియదనీ, గుర్రాలు ఎంతగా చస్తే తమకు అంత లాభం కాబట్టి వర్తకులు గుర్రాల పనివారిని వెంట తీసుకురారనీ, ఎవరినీ రానివ్వరనీ అన్నాడు. ఆంగ్లానువాదంలో ఇక్కడ 'ఫారియర్' అనే మాట ఉండడంతో లాడాలు లేకనే గుర్రాలు చచ్చేవని అర్థం చేసుకునే అవకాశం ఉంది. కాని ఆనాటి ఫ్రెంచి, ఇటాలియన్ వాడుకలో ఆ మాటకు సరిపోలే పదం వైద్యుడికీ లాడాలు కొట్టేవాడికీ ఉమ్మడిది. కనుక దీన్ని లాడాల చరిత్రకు ఆధారంగా వాడడం సరికాదు. గుర్రాన్ని చూసుకునే విద్య సరుకుతోపాటు రాకుండా ఆపబడిందన్నంత వరకే ఇది సాక్ష్యం.

బురదకాలం, కంకరకాలం

డెల్టాలో లాడం కథ గుర్రంకంటే ఎద్దుదే ఎక్కువ. రెంటి పాదనిర్మాణం వేరు కావడం వల్ల పని కూడా వేరు. గుర్రానికి ఒకే గిట్ట, దానికి వంపు తిరిగిన ఒకే లాడం. గుర్రాన్ని నిలబెట్టి, కాలు మడిచి ఒడిలో పెట్టుకుని కొట్టవచ్చు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. ఒక్కో కాలికి రెండేసి చొప్పున నాలుగు కాళ్లకు ఎనిమిది పలుచని రేకులు కావాలి. లోపలి అంచు పలుచన కాబట్టి మేకులు వెలుపలి అంచునే దిగాలి. ఎద్దు మూడు కాళ్ల మీద నిలకడగా నిలవదు కనుక తాళ్లు వేసి పడగొట్టి, కాళ్లు కలిపి కట్టి, ఒకరు తల అదిమిపట్టగా పని కానివ్వాలి. గిట్ట పెరుగుదల నెలకు సుమారు అర సెంటీమీటరు. పాత రేకు తీశాక పెరిగిన భాగాన్ని ఉలితో, కత్తితో చెక్కి, ఆకురాయితో చదును చేసి, అప్పుడే కొత్తది కొట్టాలి. చెక్కడం ఎక్కువైతే నెత్తురు చూస్తుంది. మేకు లోపలికి తిరిగితే ఎద్దు కుంటుతుంది. చూసేవారికి సుత్తి దెబ్బే పనిగా కనిపించినా అసలు నేర్పు అంతకుముందరి చెక్కుడులో ఉంది.

వరిచేలో దిగే ఎద్దుకు ఇదంతా అక్కరలేదు. నెలల తరబడి నీటిలో నానే గిట్ట మెత్తబడుతుంది. మెత్తని గిట్టలో మేకు నిలవదు. పైగా చీలిన గిట్ట దమ్ములో విచ్చుకుని పశువు దిగబడిపోకుండా కాస్తుంది. గ్రేట్ బేసిన్‌లో గిట్టను నేల అరగదీస్తుంది, డెల్టాలో నేల నానబెడుతుంది. రెండు చోట్లా గిట్ట వట్టిదే. అయినా మొదటిదాన్ని చూసి అల్లిన సిద్ధాంతాన్ని రెండోదానికి అంటగట్టడం కుదరదు. 'సహజమైన గిట్ట' అన్నది ఒక్కటే ఉంటుందన్న భావన వట్టి గిట్ట ఉద్యమంలోని బలహీనత. ఏ నేలకు ఆ గిట్ట.

ఇనుము అవసరపడింది రాతి బాట వచ్చాకనే. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో పల్లకీలో సాగించిన కాశీయాత్రలో మజిలీ మజిలీకీ నేల స్వభావం, బాట మంచిచెడ్డలు రాసుకున్నాడు. బాట ఎంత ముఖ్యమైన సమాచారమో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ యాత్ర ముగిసిన మరుసటి సంవత్సరమే నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. దాని దరిమిలా వచ్చిన ఆలోచనల ఫలితంగా బెజవాడ వద్ద 1852లో ఆనకట్ట పని మొదలై 1855కు పూర్తయింది. ఇంద్రకీలాద్రి, సీతానగరం కొండల మధ్య కట్టిన ఆ కట్టడానికి ఆ కొండల రాయే వాడారు. కాలువలు సేద్యానికీ పడవల రవాణాకూ కలిపి పనికొచ్చాయి.

బెజవాడ నుంచి బందరు వైపు కాలువ, రోడ్డు రెండూ సాగుతాయి. ఒకటి మెత్తని దారి, మరొకటి గట్టి దారి. కాలువ ఉన్నంతమేరా ధాన్యం పడవ ఎక్కింది, ఎద్దుకు శ్రమ తప్పింది. 1889లో నిజాం రైలుమార్గం బెజవాడ చేరింది. పంతొమ్మిదో శతాబ్ది చివరికి పట్టణం రైలు కూడలి కావడంతో స్టేషనుకు, కాలువ రేవులకు, మిల్లులకు మధ్య బండి, జట్కా తిరగవలసిన దూరాలు పెరిగాయి. ఆ దూరాలన్నీ కంకర మీదే. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు వంటి దారుల్లో లాడం లేని పశువు నిలవదు. కంకర దాని గిట్టను పెరిగే వేగం కంటే ఎక్కువ వేగంగా అరగదీస్తుంది.

ఆ లెక్కన ఒకే ఎద్దు సంవత్సరంలో రెండు జీవితాలు గడిపింది. ఏరువాక నుంచి ఊడ్పుల దాకా వట్టి గిట్టతో బురదలో, కోతలయ్యాక ఇనుప గిట్టతో బాట మీద. లాడాలు కొట్టేవాడి పని కూడా ఈ రుతుక్రమాన్నే అనుసరించింది. పాశ్చాత్య చర్చలో లాడం, వట్టి గిట్ట అన్నవి పరస్పర విరుద్ధ పక్షాలు. ఇక్కడ అవి రెండు కాలాలు.

చట్టం చూసిన వృత్తికారుడు

1960 నాటి జంతుహింస నివారణ చట్టం లాడాలు కొట్టే వృత్తికి లైసెన్సు, నమోదు విధించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. దాని కిందనే 1965లో ఫారియర్ల లైసెన్సు నిబంధనలు వచ్చాయి. పడగొట్టి, కట్టి, మేకులు కొట్టే పనిలో పశువుకు హింస జరిగే అవకాశం ఉంది కనుక ఈ జాగ్రత్త సమంజసమే. అయితే ఆ నిబంధనల దృష్టిలో ఫారియర్ అంటే పశువులకు లాడాలు కొట్టడాన్ని వృత్తిగా చేసుకున్నవాడు. గిట్ట చెక్కడం ఆ వృత్తిలో అంతర్భాగమే తప్ప విడి వృత్తి కాదు. భాషలోనూ అంతే. 'లాడాలు కొట్టడం' అని పనికి పేరుంది. చెక్కి తీర్చడానికి ప్రత్యేకమైన పేరు లేదు. జాక్సన్ వంటివారు ఇనుము వదిలినా బతకగలిగింది అక్కడ గిట్ట తీర్చడం తనంతట తాను వెలకట్టదగిన పని కావడం వల్ల. ఇక్కడ వెల లాడానికి కట్టబడింది. నేర్పు దాని వెనుక దాగిపోయింది.

అదే 1965లో వచ్చిన బరువు లాగే పశువుల నిబంధనలు గాలి టైర్ల బండికి, అవి లేని బండి కంటే ఒకటిన్నర రెట్లు బరువు అనుమతించాయి. చిన్న ఎద్దు విషయంలో అది 500 కిలోలకు బదులు 750. టైరు బండి రావడంతో లాడం పోయిందన్న అభిప్రాయం ఈ కారణంగా నిలవదు. చక్రం మెత్తబడింది గాని తారు రోడ్డు మెత్తబడలేదు, బరువు తగ్గలేదు. లాడాన్ని తొలగించింది ట్రాక్టరు. దమ్ము ట్రాక్టరుకు, రవాణా దాని వెనుక ట్రక్కుకు, జట్కా ప్రయాణం రిక్షాకు, ఆపైన ఆటోకు పోయాయి. ఎద్దు బురదా వదిలింది, బాటా వదిలింది.

గుర్రపు లాడం పని పూర్తిగా అంతరించలేదు. హైదరాబాదు మలక్‌పేట పందెపు మైదానంలో పరుగెత్తే గుర్రాలకు తేలికపాటి అల్యూమినియం లాడాలు కావాలి. సైన్యపు పశువైద్య విభాగం మీరట్ కేంద్రంలో ఫారియర్లకు శిక్షణ ఇస్తోంది. విజయవాడలో మాత్రం గుర్రం పెళ్లి ఊరేగింపులో కనిపించే అతిథి.

కొట్టంలోని గిట్ట

ఎద్దు స్థానంలో డెల్టా ఇళ్లలో మిగిలింది పాడి గేదె. ఎక్కువకాలం సిమెంటు గచ్చు మీద, కొట్టంలోనే కట్టివేయబడి, పేడనీళ్ల తడిలో నిలబడే ఈ పశువు గిట్ట అటు తగినంత నడక లేక అరగదు, ఇటు దమ్ములో తిరగదు. పెరిగి ముందుకు సాగి, కొన వంకర తిరుగుతుంది. పశువు మడమ మీద భారం వేస్తుంది. కుంటుతుంది. పాలు తగ్గుతాయి. తడి నేలను గురించి జెనోఫోన్ చెప్పినది గుర్రాన్ని ఉద్దేశించే అయినా ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. జాక్సన్ పద్ధతి అవసరమైన పశువు ఈ డెల్టాలో ఉందంటే అది గుర్రం కాదు, ఎద్దూ కాదు, లాడం ఎన్నడూ ఎరుగని గేదె.

ఇందుకు కావలసిన చేతి నేర్పు లాడాలు కొట్టేవారి దగ్గర ఉండేది. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. గాలికుంటు నివారణకు 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పశువులకు టీకాలు వేస్తున్నారు. నోటినీ గిట్టల మధ్యభాగాన్నీ పుండ్లు పరిచే ఆ వ్యాధికి టీకా ఉండడం మేలైన విషయమే. పెరిగిన గిట్టకు టీకా లేదు. దాన్ని కొన్ని నెలలకొకసారి ఎవరో ఒకరు కూర్చుని చెక్కాలి. కుంటు మొదలయ్యాక వైద్యుడి దగ్గరికి వచ్చేది చికిత్స. అంతకుముందు జరగవలసింది మంగలి పని వంటి నిత్యకృత్యం. దాన్ని వృత్తిగా గుర్తించే లైసెన్సు 1965 నిబంధనల్లో లేదు. 'లాడాలు కొట్టడం' అనే పేరు కిందనే ఆ పని ఒకప్పుడు డెల్టా ఊళ్లలో జరిగింది.