పాత అంబాసిడర్ వేడెక్కుతోందా? రేడియేటర్ పారేయకండి

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా అబ్బాజాన్ కొన్న కారని జాగ్రత్తగా దాచుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఎండాకాలంలో ఇంజిన్ వేడెక్కగానే రేడియేటర్ మార్చేద్దామనుకుంటారు. తొందరపడొద్దు. పాత రేడియేటర్‌ను రాగి, ఇత్తడితో చేసి టంకంతో అతికారు. కాబట్టి విప్పి బాగుచేయించుకోవచ్చు.

ఎక్కువగా పాడుచేసేది బోరు నీళ్లే. వాటివల్ల సన్నటి గొట్టాల్లో గార పట్టి, నీళ్లు సరిగా తిరగవు. రేడియేటర్ షాపులో ట్యాంకులు ఊడదీసి గొట్టాలు శుభ్రం చేస్తారు. గొట్టాలు పాడైపోతే మధ్యనుండే కోర్ ఒక్కటే కొత్తది వేయించండి, ఇత్తడి ట్యాంకులు పాతవే ఉంచొచ్చు. బిగించే ముందు గాలి ఒత్తిడి పెట్టి లీకులు చూడమనండి.

అదే పనిలో హోస్ పైపులు, క్లిప్పులు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత, ఫ్యాన్ బెల్టు, వాటర్ పంపు కూడా చూపించండి. వీటిలో ఏది చెడినా కొత్త రేడియేటర్ వేసినా వేడి తగ్గదు. చివర్లో కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించండి. వట్టి నీళ్లయితే ఇంజిన్ లోపల తుప్పు పడుతుంది.

రెండు జాగ్రత్తలు: ఇంజిన్ వేడిగా ఉండగా మూత తిప్పకండి, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. కూలెంట్ తియ్యగా ఉంటుంది కానీ విషం, పిల్లలకు అందనివ్వకండి.