17 ఏళ్లలో నలుగురు యజమానులు.. అరబ్బీ గుర్రాల్ని అమ్మకం నుంచి కాపాడిందెవరు?

కార్న్‌ఫ్లేక్స్ అనగానే గుర్తొచ్చే పేరు కెల్లాగ్. ఆ కంపెనీ అధిపతి డబ్ల్యూ.కె. కెల్లాగ్‌కి గుర్రాలంటే ప్రాణం. ఆయన మొదలుపెట్టిన అరబ్బీ గుర్రాల పెంపకం ఇప్పటికీ అమెరికాలోని ఓ యూనివర్సిటీలో నడుస్తోంది. కానీ ఓ దశలో అది మూతపడే దాకా వెళ్లింది.

సినిమా హీరోకీ ఇక్కడి గుర్రమే
1925లో కాలిఫోర్నియాలోని పొమోనా దగ్గర కెల్లాగ్ భూమి కొన్నారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని క్రాబెట్ స్టడ్ నుంచి మేలుజాతి గుర్రాలు తెప్పించారు. 1926లోనే ఆదివారం షోలు మొదలయ్యాయి. జనం ఎగబడి వచ్చేవారు. అదే ఏడాది వచ్చిన 'ది సన్ ఆఫ్ ది షేక్'లో హీరో వాలెంటినో ఎక్కిన 'జదాన్' ఈ మందలోదే.

దానం ఇచ్చారు.. షరతు పెట్టారు
1932లో 750 ఎకరాల రాంచ్‌ని, 87 గుర్రాల్ని కాలిఫోర్నియా యూనివర్సిటీకి ఇచ్చేశారు. షరతు ఒక్కటే: పెంపకం ఆగకూడదు, ఆదివారం షో ఆగకూడదు.

అయితే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1943లో రాంచ్ సైన్యం చేతికెళ్లింది. యుద్ధం ముగిశాక యూరప్‌లో సైన్యానికి చిక్కిన మేలుజాతి గుర్రాలూ ఇక్కడికే చేరాయి. పోలండ్‌లో పుట్టిన ప్రఖ్యాత 'విటెజ్' వాటిలో ఒకటి. 1948లో వ్యవసాయ శాఖకు మారింది. గుర్రాల్ని అమ్మేయాలన్న నిర్ణయం వచ్చింది అప్పుడే.

గుర్రాల ప్రియులు, స్థానికులు గట్టిగా అడ్డుకున్నారు. చివరికి రాంచ్ కెల్లాగ్ ఫౌండేషన్‌కి తిరిగొచ్చింది. 1949లో అక్కడి నుంచి స్టేట్ పాలిటెక్నిక్ కాలేజీకి దక్కింది. అదే నేటి కాల్ పాలీ పొమోనా. ఆ కబురు విన్నాకే, 1951లో కెల్లాగ్ కన్నుమూశారు.

ఇప్పుడేం జరుగుతోంది?
గుర్రాలు ఈనించడం, పిల్లల్ని సాకడం, స్వారీకి మచ్చిక చేయడం.. అన్నీ విద్యార్థులు దగ్గరుండి నేర్చుకుంటారు. ఆదివారం షోలు కూడా ఆ క్యాంపస్ సంప్రదాయంగా నిలిచాయి.

మన విజయనగరానికీ తెలిసిన కథే
చదువు కోసం ఆస్తులివ్వడం ఉత్తరాంధ్రకి కొత్త కాదు. పీవీజీ రాజు 1958లో తండ్రి అలక్ నారాయణ పేరిట మాన్సాస్ ట్రస్టు పెట్టారు. విజయనగరం కోటలోనే కాలేజీలు వెలిశాయి. పొమోనా చెప్పేది ఒక్కటే. దాత షరతు కాగితం మీదుంటే చాలదు, అది నిలబడాలని అడిగే జనం కూడా ఉండాలి.