యంత్రాల విద్యుత్ అనుసంధానం

కార్ఖానాలోని రెండు లేక అంతకంటె ఎక్కువ యంత్రాల నియంత్రణ వలయాలను కలిపి, ఒకదాని నడక మరొకదానిపై ఆధారపడేటట్లు చేయడాన్ని యంత్రాల విద్యుత్ అనుసంధానం అంటారు. వాడుకలో దీనికి ఇంటర్‌లాకింగ్ అని పేరు. వడ్రంగి కార్ఖానాలో రంపపు యంత్రం ఆన్ చేయగానే పొట్టును లాగే ఫ్యాను కూడా తిరగడం ఇందుకు సులభమైన ఉదాహరణ. విడివిడిగా సురక్షితమైన రెండు యంత్రాలను కలిపినప్పుడు, ఆ రెంటిలోనూ లేని కొత్త ప్రమాదం పుట్టవచ్చును. ఆ ప్రమాదానికి బాధ్యులెవరన్నదే ఈ విషయంలో ముఖ్యమైన ప్రశ్న.

పనిచేసే విధానం

మూడు ఫేజుల మోటారుకు విద్యుత్తు కాంటాక్టరు ద్వారా అందుతుంది. కాంటాక్టరులోని చిన్న తీగచుట్టకు విద్యుత్తు అందినపుడు ప్రధాన కాంటాక్టులతో పాటు పక్కనున్న సహాయక కాంటాక్టులు కూడా కదులుతాయి. ఒక యంత్రపు సహాయక కాంటాక్టును రెండవ యంత్రపు తీగచుట్ట వలయంలో వరుసగా కలిపితే, మొదటిది నడుస్తున్నంతసేపే రెండవది నడుస్తుంది. ధాన్యం మిల్లులో సరుకు వెళ్ళే దారిలో చివరి యంత్రాన్ని ముందుగా నడిపి, క్రమంగా మొదటిదాని వరకు వస్తారు. చివరిది ఓవర్‌లోడ్ వల్ల ఆగితే దాని ముందున్నవన్నీ వెంటనే ఆగాలి, లేనిచో ధాన్యం పేరుకుపోతుంది.

తీగ తెగినా, విద్యుత్తు పోయినా యంత్రం ఆగే విధంగానే కలపాలి. విద్యుత్తు తిరిగి వచ్చినపుడు దానంతటదే నడవరాదు. మామూలు స్విచ్చుతో నడిపే రంపానికి ఈ రక్షణ ఉండదు.

పరాయి విద్యుత్తు

అనుసంధానంలో అన్నిటికంటె మోసకరమైనది ఇదే. మరమ్మతుకు వచ్చిన మెకానిక్ రంపపు యంత్రపు ప్రధాన స్విచ్చును తీసి పెట్టె తెరుస్తాడు. కాని ఫ్యాను పెట్టె నుండి వచ్చిన నియంత్రణ తీగలో 230 వోల్టులు అలాగే ఉంటాయి, ఎందుకంటే ఆ స్విచ్చు తీసినది దాని స్వంత విద్యుత్తును మాత్రమే. రెండు వలయాలు వేర్వేరు ఫేజులకు చెందినవైతే వాటి మధ్య సుమారు 400 వోల్టులు ఉండగలవు. "స్విచ్చు తీశాం కదా" అనే భరోసా ఇక్కడ పనికిరాదు.

యంత్రాల విద్యుత్ పరికరాలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60204-1 ప్రకారం, ప్రధాన స్విచ్చు తీసిన తరువాత కూడా విద్యుత్తు ఉండే తీగలను గుర్తించడానికి నారింజ రంగు వాడాలి. పెట్టెపై హెచ్చరిక కూడా ఉండాలి. యంత్రాల మధ్య 24 వోల్టుల నియంత్రణ వాడితే విద్యుద్ఘాత భయం చాలావరకు తగ్గుతుంది. అయినా రెండు స్విచ్చులూ తీసి, తాళం వేసి, టెస్టరుతో చూసిన తరువాతనే చేయి పెట్టాలి.

చట్టాలు, బాధ్యత

భారతదేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కదిలే భాగాలకు కంచె ఉండాలని శాసించింది. భోపాల్ దుర్ఘటన (1984) తరువాత, 1987 సవరణతో యాజమాన్యపు సాధారణ బాధ్యతలను 7ఎ సెక్షనులోను, యంత్రాల రూపకర్తలు, తయారీదారులు, సరఫరాదారుల బాధ్యతలను 7బి సెక్షనులోను చేర్చారు. ఈ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది.

ఐరోపా సమాఖ్య ఈ విషయంలో మరింత సూటిగా ఉంది. 2006/42/ఈసీ ఆదేశం ప్రకారం ఒకే పనికోసం కలిపి, ఒకటిగా నియంత్రించే యంత్రాల సముదాయం కూడా ఒక యంత్రమే. కనుక కలిపినవారే దానికి తయారీదారులౌతారు. కార్ఖానా యజమాని స్వయంగా కలుపుకుంటే ఆ బాధ్యత ఆయనదే.

నలుగురైదుగురు పనిచేసే వడ్రంగి దుకాణాలు మన ఫ్యాక్టరీ చట్టాల పరిధిలోకి సాధారణంగా రావు. ఇటువంటి అతుకులు ఎక్కువగా పడేదీ అక్కడే. అయితే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు (2010, తరువాత 2023) పనివారి సంఖ్యను చూడవు. వినియోగదారుని ఆవరణలో వైరింగుకు మార్పులు చేర్పులు లైసెన్సు గల కాంట్రాక్టరే చేయాలి. ఫ్యూజు, స్విచ్చు మార్చడం వంటి చిన్న పనులకు మినహాయింపు ఉన్నది గాని, రెండు యంత్రాలను కలపడాన్ని ఆ కోవలో చేర్చలేము. మూడు ఫేజుల మోటారు చట్రానికి రెండు వేర్వేరు ఎర్తు కనెక్షన్లు ఉండాలన్న నియమం కలిపిన ప్రతి మోటారుకూ విడిగా వర్తిస్తుంది.