అతిశయోక్తి పోస్టుకార్డులు

అతిశయోక్తి పోస్టుకార్డులు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికా వ్యవసాయ రాష్ట్రాల్లో, ముఖ్యంగా కాన్సస్, నెబ్రాస్కా, విస్కాన్సిన్‌లలో పుట్టి పెరిగిన హాస్య ఫొటో కార్డులు. పంటను, పక్షిని, చేపను, పురుగును ఎక్కడా లేనంత పెద్దదిగా చూపించడం వీటి పని. ఒక్క బంగాళాదుంపతో గుర్రపు బండి నిండిపోతుంది. మొక్కజొన్న పొత్తును కోయడానికి రంపం కావాలి. కుందేలు వెంట మోటారు కారు పరుగెడుతుంది. ఏనుగంత బాతులను సంతకు తోలుకుపోతుంటారు. ఇంత జరుగుతున్నా బొమ్మలోని రైతు ముఖంలో ఏ వింతా కనబడదు, రోజూ చేసే పనే చేస్తున్నట్టుంటాడు. రచ్చబండ మీద కూర్చుని కన్నార్పకుండా కోతలు కోసే పెద్దమనిషిలాగే ఈ కార్డూ తాను నవ్వకుండా ఎదుటివాడిని నవ్విస్తుంది.

వీటిని చిల్లర వినోదంగా పక్కన పెట్టేయడం పొరపాటు. ఒక ప్రాంతపు రైతులు తమకు ఎదురైన ఆశను, మోసాన్ని, కరువును ఏ కంటితో చూశారో చెప్పే సాక్ష్యాలివి.

కార్డుకు ముందున్న కోతలు

1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం అమెరికాలో అయిదేళ్లు కాపురముండి సాగుచేసిన కుటుంబానికి 160 ఎకరాల ప్రభుత్వ భూమి దక్కేది. అక్కడి ఆదివాసుల నుంచి లాక్కున్న నేలే ఇలా పంపకానికి వచ్చిందన్నది మరువరాదు. రైలు కంపెనీలకూ ప్రభుత్వం లక్షల ఎకరాలు ధారపోసింది. ఆ భూములు అమ్ముకోవడానికి కంపెనీలు ఊరూరా కరపత్రాలు పంచాయి. కాన్సస్, నెబ్రాస్కా మైదానాల్లో విత్తితే చాలు, బంగారం పండుతుందని రాశాయి. ఆ మైదానాల పడమటి సగంలో వాన తక్కువని తెలిసినవాళ్లను కూడా నమ్మించడానికి ఒక సిద్ధాంతం దొరికింది. నాగలి వెళ్లిన చోటికి వాన వెంట వస్తుందని నెబ్రాస్కాకు చెందిన చార్లెస్ డేనా విల్బర్ 1881లో ప్రచారం చేశాడు. నేల దున్నితే తేమ ఆకాశానికెక్కి మళ్లీ వానై కురుస్తుందని దాని సారాంశం. వాన రాలేదు. 1880ల చివర మొదలైన కరువు 1890ల దాకా సాగింది. పడమటి కాన్సస్‌లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి.

అంతకు ముందు 1874లో రాకీ పర్వతాల మిడతలు దండెత్తి పైరును, ఆకును, చివరికి ఉతికి ఆరేసిన బట్టలను కూడా కొరికేశాయి. పట్టాల మీద నలిగిన మిడతల జిగురుకు రైలు చక్రాలు జారి బండ్లు నిలిచిపోయాయని ఆనాటి వార్తలు చెబుతాయి. ఆ రైతులకు అమ్మకందారు చెప్పిన అబద్ధమూ తెలుసు, అబద్ధంలా వినిపించే నిజమూ తెలుసు. తర్వాతి తరం చేతికి కెమెరా వచ్చినప్పుడు ఆ రెండూ కలిసి కార్డుల్లోకెక్కాయి. కరపత్రం చెప్పిన గొప్పను రైతు తన నోట ఇంకా పదింతలు పెంచి చెబితే, అది మోసం కాకుండా పోయి నవ్వయింది. ఆ నవ్వు రైతు సొంతమయింది.

తపాలా, కెమెరా

తొలి పోస్టుకార్డును 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీ తపాలా శాఖ విడుదల చేసింది. అమెరికా ప్రభుత్వ కార్డు 1873లో వచ్చింది. ప్రైవేటువాళ్లు అచ్చువేసిన కార్డులు కూడా ఒక్క సెంటుకే పంపవచ్చని 1898 మేలో అక్కడ చట్టమయింది. అయినా కార్డు వెనకవైపు చిరునామా తప్ప మరో ముక్క రాయకూడదు. చెప్పదలచుకున్నది బొమ్మ పక్కనే ఇరికించాలి. 1907 మార్చి 1 నుంచి వెనకవైపును నిట్టనిలువుగా రెండుగా చీల్చి, ఒక సగంలో కబురు, మరో సగంలో చిరునామా రాసుకోనిచ్చారు. ముందువైపు మొత్తం బొమ్మకే దక్కింది.

ఈలోగా మరో రెండు మార్పులు వచ్చాయి. పల్లె ఇళ్లకే ఉత్తరాలు తెచ్చిచ్చే పద్ధతిని 1896లో ప్రయోగంగా మొదలుపెట్టి 1902లో శాశ్వతం చేశారు. అంతవరకు రైతు తన ఉత్తరం కోసం బండి కట్టుకుని పట్నం పోవలసి వచ్చేది. 1903లో కొడాక్ కంపెనీ సరిగ్గా పోస్టుకార్డు కొలతకు ఫిలిం పట్టే 3ఎ మడత కెమెరాను అమ్మకానికి పెట్టింది. వెనక పోస్టుకార్డు గీతలు ముందే అచ్చయిన ఫొటో కాగితం కూడా దొరికేది. చిన్న ఊరి ఫొటోగ్రాఫరు అచ్చాఫీసు గడప తొక్కకుండానే తన గదిలో తానే కార్డులు తయారుచేసుకోగలిగాడు.

1908 జూన్‌తో ముగిసిన ఏడాదిలో అమెరికా తపాలా శాఖ 67 కోట్ల 77 లక్షలకు పైగా కార్డులు చేరవేసింది. అప్పటికి ఆ దేశ జనాభా తొమ్మిది కోట్ల లోపే.

మార్టిన్, జాన్సన్

ఈ కళకు పెద్ద పేరు తెచ్చినవాడు కాన్సస్ రాష్ట్రం ఒటావా ఊరి ఫొటోగ్రాఫరు విలియం హెచ్. మార్టిన్ (1865–1940). అందరూ ఆయనను ‘డాడ్’ మార్టిన్ అనేవారు. 1908 ప్రాంతంలో ఆయన ఈ కనికట్టు ఫొటోలు మొదలుపెట్టాడు. గిరాకీ ఎంత పెరిగిందంటే మరుసటి ఏడాదికల్లా కార్డుల కోసమే ఒక కంపెనీ పెట్టాడు. 1912లో దాన్ని అమ్మేసి బోర్డుల తయారీ వ్యాపారంలోకి వెళ్లిపోయాడు. నాలుగేళ్లపాటే చేసిన పని ఆయన పేరును నూరేళ్లకు పైగా నిలబెట్టింది.

పని పద్ధతి చెప్పుకోవడానికి సులువే. ముందు పొలంలోనో, వీధిలోనో, సంత దారిలోనో మనుషులను నిలబెట్టి ఒక ఫొటో తీయాలి. తర్వాత ఉల్లిపాయనో, పొత్తునో దగ్గరగా పెట్టి మరో ఫొటో తీయాలి. రెండో ఫొటోలోని వస్తువును అంచు వెంబడి కత్తిరించి మొదటి ఫొటో మీద అతికించాలి. అతుకు కనబడకుండా కుంచెతో దిద్ది, మొత్తాన్ని మళ్లీ ఫొటో తీస్తే కొత్త నెగటివ్ తయారవుతుంది. ఇక దాని నుంచి ఎన్ని కార్డులైనా తీసుకోవచ్చు.

చేతి నైపుణ్యం మాత్రం అంత సులువుగా అబ్బేది కాదు. రెండు ఫొటోలలో వెలుగు ఒకే వైపు నుంచి పడాలి. బండి మీది దుంపకు నీడ ఉండాలి. పొత్తును పట్టుకున్నట్టు కనబడాలంటే మనిషి వేళ్లు దానికి ముందుండాలి, అరచేయి వెనకుండాలి. అన్నిటికన్నా కష్టమైనది మనిషి భంగిమ. లేని బరువును మోస్తున్నట్టు నడుము వంచాలి, లేని జంతువును చూసి వెనక్కు జరగాలి. మార్టిన్ కార్డులు నిలిచింది ఇక్కడే. బరువు ఎంతో మనకు కూరగాయ కన్నా మనిషి వెన్నే ఎక్కువ చెబుతుంది.

విస్కాన్సిన్ రాష్ట్రం వాపన్ ఊళ్లో స్టూడియో నడిపిన ఆల్‌ఫ్రెడ్ స్టాన్లీ జాన్సన్ జూనియర్ (1863–1932) ఈ రంగంలో మార్టిన్‌కు సమఉజ్జీ. తన ఊరివాళ్లను, అయినవాళ్లను బొమ్మల్లో పాత్రలు చేశాడు. వాళ్ల హావభావాలు నాటకంలోలా ఉంటాయి. పక్కనే సరస్సులున్న రాష్ట్రం కావడం వల్ల అక్కడి కార్డుల్లో పంటతో సమానంగా చేపకూ చోటు దక్కింది. పడవ కన్నా పొడవైన చేపతో పెనుగులాడుతున్న మనుషులను జాన్సన్ చూపించినంత హుషారుగా మరొకరు చూపించలేదు.

ఈ కార్డులకు ఊరి పేరు ఒక తమాషా. ‘మా ఊళ్లో పనులు ఇలా జరుగుతాయి’ అన్న అర్థంలో నెగటివ్ మీద తెల్లటి చేతిరాతతో శీర్షిక రాసేవారు. బొమ్మ అదే ఉంచి ఊరి పేరు మార్చి వేరే పట్నంలో అమ్మేవారు. ఒకే గుమ్మడికాయ ఎన్నో ఊళ్లలో కాసింది. పశ్చిమ తీరాన శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎడ్వర్డ్ హెచ్. మిచెల్ ఇదే పద్ధతిలో రైలు పెట్టెకు ఒకటో రెండో పట్టేంత పెద్ద కాలిఫోర్నియా పండ్లను రంగుల్లో అచ్చువేశాడు.

ఇవి అమ్ముడయిన కాలాన్ని గమనించాలి. 1909 నుంచి 1914 వరకు అమెరికా రైతుకు మంచి ధరలు పలికాయి. ఎంత మంచివంటే, తర్వాతి దశాబ్దాల్లో న్యాయమైన ధర ఎంతో తేల్చడానికి ప్రభుత్వం ఆ అయిదేళ్లనే కొలబద్దగా తీసుకుంది. కరువును దాటి వచ్చి, గాదె నిండిన రైతు తన పాత ఆశను తానే ఆటపట్టిస్తూ చుట్టాలకు ఒక్క సెంటు ఖర్చుతో పంపిన కబుర్లివి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి కార్డుల మోజు చల్లబడింది. టెలిఫోను, సినిమా వాటి చోటును కొంత ఆక్రమించాయి. జాన్సన్ మాత్రం 1920లలో కూడా ఈ పని మానలేదు.

మిడతల కార్డులు

రెండో దశ పూర్తిగా వేరు. అది కడుపు నిండిన నవ్వు కాదు. 1930లలో మైదానాలు ఎండిపోయి, దున్నిన నేల పైమట్టి గాలికి లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14న, తర్వాత ‘నల్ల ఆదివారం’గా పేరుపడిన రోజున, దుమ్ము తుపాను పట్టపగలే చీకటి చేసింది. అదే ఏడాది పడమటి కాన్సస్‌లోని గార్డెన్ సిటీ మీద మిడతలు వాలాయి. వీధి దీపాల చుట్టూ మూగి ఊరివాళ్లను ఊపిరాడనివ్వలేదు.

ఆ ఊరి ఫొటోగ్రాఫరు ఫ్రాంక్ డి. కానర్డ్ (1884–1966), ‘పాప్’ కానర్డ్‌గా పేరున్నవాడు, ఆ మిడతలనే పట్టుకున్నాడు. ఆయన కార్డుల్లో మిడత మనిషికన్నా పెద్దది. వేటగాళ్లు దాన్ని తుపాకీతో కొట్టి జింకలా వేలాడదీసుకుంటారు. ఒకాయన దాని మీద స్వారీ చేస్తాడు. 1874లో మిడతల వల్ల నిజంగా రైళ్లు ఆగిన నేల మీద, రైలుకు అడ్డం నిలిచిన మిడత బొమ్మ ఎంత దూరం పోయిన అబద్ధమో ఆలోచించాలి. ఈ కార్డులను ఆయన 1960ల తొలి సంవత్సరాల దాకా అమ్మాడు.

మార్టిన్ పంటను పెంచి చూపించాడు, కానర్డ్ పంటను తినేసినదాన్ని పెంచి చూపించాడు. పద్ధతి ఒకటే అయినా నా దృష్టిలో కానర్డ్ పనికే బరువెక్కువ. పొలం పోయిన మనిషి ఎక్కడో ఉన్న చెల్లెలికి ఆ కార్డు పంపితే, ఇక్కడ బతుకు ఎలా ఉందో చెప్పినట్టూ ఉంటుంది, ఆమె కంటతడి పెట్టకుండా చూసుకున్నట్టూ ఉంటుంది.

అదే దశాబ్దంలో వయోమింగ్ రాష్ట్రం డగ్లస్ ఊళ్లో హెరిక్ సోదరులు చెవులపిల్లి తలకు కొమ్ములు అతికించి ‘జాకలోప్’ అనే జంతువును సృష్టించారు. రహదారి పక్క దుకాణాల్లో దాని కార్డులు నేటికీ దొరుకుతాయి. కొన్ని కుందేళ్ల తల మీద కొమ్ములవంటి కాయలు నిజంగానే మొలుస్తాయి. అందుకు కారణం ఒక వైరస్ అని శాస్త్రవేత్త రిచర్డ్ షోప్ 1933లో తేల్చాడు.

భారతదేశంలో

మన దేశంలో తొలి పోస్టుకార్డు 1879 జులై 1న కాణీ ధరకు, అంటే పావు అణాకు వచ్చింది. బొమ్మల కార్డులు శతాబ్దం మలుపులో విస్తరించాయి. తెలుగు జిల్లాలు కూడా కలిసి ఉన్న మద్రాసు రాజధానిలో హిగ్గిన్‌బోథమ్స్, వీలె అండ్ క్లైన్ వంటి సంస్థలు వాటిని అమ్మేవి. హాస్య కార్డులూ ఉండేవి. వాటిలో తెల్లదొరల ఇళ్ల వంటవాళ్లు, నౌకర్లు నవ్వులపాలవుతారు. కాన్సస్ కార్డులో రైతు తన మీద తాను నవ్వుకుంటాడు, మద్రాసు కార్డులో దొర నౌకరును చూసి నవ్వుతాడు. మన రైతు తన పంటను గురించి తానే కోతలు కోసుకునే ఫొటో కార్డుల పరిశ్రమ ఇక్కడ పుట్టలేదు. కెమెరా, ఫొటో కాగితం పల్లెకు అందుబాటులో లేకపోవడం అందుకు ఒక కారణం కావచ్చు.

ఊరు విడిచి వెళ్లిన మనవాళ్ల కబుర్లు మోసిన కార్డు వేరు. మార్టిన్ తొలి కార్డులు చేస్తున్న 1908లోనే సువర్ణరేఖ, ఖర్కాయి నదుల మధ్య సాక్చి దగ్గర టాటాల ఉక్కు కర్మాగారం పని మొదలయింది.  1919లో ఆ ఊరు జంషెడ్‌పూర్ అయింది. కర్మాగారంలో పనికి వెళ్లిన తెలుగు కుటుంబాలు కద్మా, సోనారి, బిష్టుపూర్ పేటల్లో స్థిరపడ్డాయి. వాళ్లకూ సొంతూరికీ మధ్య నడిచింది బొమ్మ లేని ప్రభుత్వ కార్డే. వానలు, కోతలు, ధాన్యం ధర, పెళ్లి ముహూర్తం అన్నీ ఆ చిన్న చోటులోనే పట్టాలి. 2002లో తపాలా శాఖ చిరునామా వైపు ప్రకటనకు చోటిచ్చి, 25 పైసల మేఘదూత్ కార్డు తెచ్చింది.

పరిశోధన, సేకరణ

చాలాకాలం ఈ కార్డులను పరిశోధకులు పట్టించుకోలేదు. నెబ్రాస్కా జానపద పరిశోధకుడు రోజర్ వెల్ష్ 1976లో వీటి మీద సచిత్ర చరిత్ర ప్రచురించి, నోటి మాటగా నడిచిన కోతల కథలకు ఇవి కొనసాగింపని చూపాడు. హాల్ మోర్గన్ పుస్తకం 1981లో వచ్చింది. సింథియా రూబిన్, మోర్గన్ విలియమ్స్‌ల పుస్తకం 1990లో వచ్చింది. కత్తిరించి అతికించే ఫొటో కళకు ఆద్యులుగా బెర్లిన్ డాడా చిత్రకారులను చెప్పడం రివాజు. వాళ్లు ఆ పని చేపట్టింది మొదటి ప్రపంచ యుద్ధం చివర. ఒటావా, వాపన్ ఊళ్ల స్టూడియోలు అంతకు దాదాపు పదేళ్ల ముందే ఆ విద్యలో ఆరితేరాయి. కళా చరిత్రలో వాటికి రావలసిన చోటు ఇంకా రాలేదు. విస్కాన్సిన్, కాన్సస్ రాష్ట్రాల చరిత్ర సంఘాల దగ్గర మంచి సేకరణలున్నాయి.

అసలు కార్డును పోల్చుకోవడానికి సేకర్తలు ముందుగా భూతద్దం పడతారు. అచ్చు కార్డయితే చుక్కలు కనబడతాయి, నేరుగా నెగటివ్ నుంచి తీసినదయితే కనబడవు. తర్వాత కార్డు తిరగేసి స్టాంపు అతికించే గడి చూస్తారు. అజో రకం కాగితమయితే గడి నాలుగు మూలలా చిన్న త్రిభుజాలుంటాయి. నాలుగూ పైకి చూస్తుంటే కాగితం సుమారు 1904–1918 మధ్యది. రెండు పైకీ రెండు కిందికీ చూస్తుంటే అది 1918 తర్వాతది, మార్టిన్ తన వ్యాపారం అమ్మేసిన చాలా ఏళ్లకు తయారయినది.